చక్రాల ఇంటికి సూర్యుడి కరెంటు



అమెరికాలో ఉన్న మన పిల్లల్లో కొందరు మోటారు హోం కొంటున్నారు. వంటగది, పడక అన్నీ ఉన్న బండి అది. మనం వెళితే అందులోనే ఊళ్లు తిప్పుతారు. మనలో ఇన్సులిన్ వాడేవారున్నారు. తెరవని ఇన్సులిన్‌ను 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి. కనుక బండి ఏ అడవిలో ఆపినా ఫ్రిజ్ ఆగకూడదు.

కరెంటు చాలక, పిల్లలు ఇంకో సోలార్ పలక వేయిద్దామంటే ముందు జమాఖర్చు రాయమనండి. రోజుకు ఫ్రిజ్‌కు 500 వాట్ అవర్లు, దీపాలకు, ఫ్యానుకు 200 అనుకుందాం. ఖర్చు 700. 12 వోల్టుల, 100 ఆంపియర్ అవర్ల బ్యాటరీలో నిల్వ 1,200. కాని సీసం బ్యాటరీని తరచు సగానికి మించి వాడితే త్వరగా పాడవుతుంది. చేతికొచ్చేది 600. మబ్బుపట్టి జమ రాని రోజున 100 లోటు. అంతే సైజు లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీలో సుమారు 1,000 వాడుకోవచ్చు.

తరువాత చార్జి కంట్రోలరు. పాత పి.డబ్ల్యు.ఎం. రకమైతే, పలక 18 వోల్టులు ఇవ్వగలిగినా బ్యాటరీకున్న 13 దగ్గరికే దించేస్తుంది. మిగతాది వృథా. ఎం.పి.పి.టి. రకం ఆ అదనపు వోల్టులను ఆంపియర్లుగా మార్చి జమకడుతుంది.

రెండు జాగ్రత్తలు. లిథియం బ్యాటరీని సున్నా డిగ్రీలకు దిగువన చార్జి చేయరాదు. బ్యాటరీ రకం మారితే కంట్రోలరు సెట్టింగు కూడా మార్చాలి.

నిల్వ చూడకుండా చెక్కు రాయడం మనకు అలవాటు లేదు. పలకలు కొనేముందు పిల్లలకూ ఆ మాటే చెప్పండి. సెలవు.