జవాబు మాటకా, మనిషికా?

(సంఘం వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు నన్ను పది నిమిషాలు మాట్లాడమన్నారు. విషయం మీ ఇష్టం అన్నారు. చదువు గురించి చెబుతాననుకొని ఉంటారు. పంతులు ఇంకేం చెబుతాడు గనక! కాని ఈ రోజు నేను చర్చ గురించి నాలుగు మాటలు మనవి చేయదలిచాను. ఇంకాసేపట్లో జమాఖర్చులు చదువుతారు. ఆ తర్వాత "ఎవరికైనా అడగవలసింది ఉంటే అడగండి" అంటారు. అక్కడి నుంచి మన సభల్లో ఏం జరుగుతుందో మీకందరికీ తెలిసిందే.

ఒకాయన లేచి ఫలానా ఖర్చు ఎందుకైంది అని అడుగుతాడు. దానికి జవాబు రాదు. "ముందు నువ్వు చందా ఎంత కట్టావో చెప్పు" అని ఇంకొకాయన గద్దిస్తాడు. మూడో ఆయన ఐదేళ్ల కిందటి సంగతి తవ్వి తీస్తాడు. నాలుగో ఆయన ఎవరేం మాట్లాడినా "బహుత్ ఖూబ్, బహుత్ ఖూబ్" అంటూ తల ఊపుతాడు. మిగిలినవాళ్లం నోరు మూసుకొని కూర్చుంటాం. సభ ముగిసి చాయ్ హోటల్లో కూర్చున్నాక మాత్రం మన వాగ్ధాటికి అడ్డూ ఆపూ ఉండదు.

తెలుగువారి అష్టావధానంలో అప్రస్తుత ప్రసంగం అని ఒక అంశం ఉన్నది. సంబంధం లేని ప్రశ్నలు వేసి అవధాని ధ్యాస చెదరగొట్టడమే ఆ పృచ్ఛకుడి పని. ఎనిమిది మందిలో ఆ పని ఒక్కరికే అప్పగిస్తారు. మన సభల్లో ఆ ఉద్యోగం అందరం పంచుకుంటున్నాం!

నవ్వుకోవడానికి బాగానే ఉంది. కాని ఇందువల్ల నష్టపోయేది ఎవరో నాకు అనుభవం మీద తెలిసింది. ఆ నష్టం నా చేతుల మీదుగానే జరిగింది. అందుకే ఎవరినో వేలెత్తి చూపకుండా నా సంగతే చెబుతాను.

పన్నెండేళ్ల కిందటి మాట. వేసవి సెలవుల్లో ఒక మొహల్లా సమావేశం జరిగింది. బీద పిల్లలకు బడి తెరిచేలోగా నోటుబుక్కులు, ఫీజులు ఇచ్చే ఏర్పాటు గురించి చర్చ. దరఖాస్తులు పగటిపూట, ఫలానా తేదీల్లో, తండ్రి స్వయంగా వచ్చి సంతకం పెట్టి ఇవ్వాలని అనుకున్నాం. అప్పుడు వెనుక వరుసలో నుంచి తోపుడుబండి మీద పళ్లు అమ్ముకునే ఒక పెద్దాయన లేచాడు. సగం తెలుగు, సగం మన దక్కనీ కలిపి ఏదో చెప్పబోయాడు. మాటల్లో "దర్కాస్" అన్నాడు. నేను ముందు వరుసలో ఉన్నాను. పంతులి నాలుక ఊరుకోలేదు. "దర్కాస్ కాదు చాచా, దర్ఖాస్త్ అనాలి" అన్నాను. సభంతా గొల్లున నవ్వింది. ఆయన ఇంకో రెండు ముక్కలు చెప్పి, "అంతే సాబ్" అని కూర్చున్నాడు. చర్చ ముందుకు సాగిపోయింది.

జూన్‌లో బడి తెరిచాం. ఆయన ఉండే గల్లీ నుంచి వచ్చే ఇద్దరు పిల్లలు రాలేదు. వారం చూసి ఇంటికి వెళ్లాను. ఒకడు అప్పటికే మెకానిక్ షెడ్డులో చేరాడు. ఇంకొకడు మేనమామతో వేరే ఊరు వెళ్లిపోయాడు. ఫీజు సాయం ఉంది గదా, ఎందుకు దరఖాస్తు ఇవ్వలేదని అడిగాను. "పగలు వస్తే ఆ రోజు కూలి పోతుంది. రెండుసార్లు వెళ్లాం, రేపు రమ్మన్నారు" అన్నారు. అప్పుడు నాకు ఆ పెద్దాయన గుర్తొచ్చాడు. వెతుక్కుంటూ వెళ్లి ఆ రోజు ఏం చెప్పబోయావు చాచా అని అడిగాను. "అదే మాస్టర్ సాబ్, కూలికి పోయేవాళ్లు పగలు రాలేరు, ఇషా నమాజు తర్వాత తీసుకోండి అని చెబుదామనుకున్నా" అన్నాడు. కాసేపాగి, "మీరు నా మాట దిద్దారు, మంచిదే. కాని నా మాట ఎవరూ వినలేదు" అన్నాడు.

ఆయనకు కోపం లేదు. కోపపడినా నాకింత బాధ ఉండేది కాదు. మరుసటి ఏడాది నుంచి దరఖాస్తులు ఇషా తర్వాత తీసుకోవడం మొదలుపెట్టాం. అప్పటి నుంచి ఆ గల్లీ దరఖాస్తులు ఆగలేదు. కాని మెకానిక్ షెడ్డులో చేరిన పిల్లవాడు తిరిగి బడికి రాలేదు. ఇప్పుడు కనబడితే "సలాం సార్" అంటాడు. ఆ సలాముకు జవాబు చెప్పేటప్పుడు నా తల వంగిపోతుంది.

సోదరులారా, నేను చేసింది తిట్టు కాదు, కొట్టడం కాదు. చెప్పిన విషయాన్ని వదిలి చెప్పిన మనిషిని పట్టుకున్నాను. అంతే. ఒక్క నవ్వుతో ఒక మాట చచ్చిపోయింది. ఆ మాటతో పాటు ఒక చదువు పోయింది.

మరి వినడం ఎలాగో మనకు తెలియదా? తెలుసు. ముషాయిరాలో కూర్చున్న జాతి మనది. షాయర్ మొదటి మిస్రా చదవగానే వినేవాళ్లు దాన్ని అందుకొని తిరిగి పలుకుతారు. దీన్ని 'మిస్రా ఉఠానా' అంటారు. మీరు చెప్పింది మాకు చేరింది, ఇక రెండోది చెప్పండి అని దాని అర్థం. నచ్చిన చోట 'ముకర్రర్' అని మళ్లీ అడిగి చెప్పించుకుంటారు. ప్రతి షేరుకూ వాహ్‌వా అనేవాడిని అక్కడ ఎవరూ రసికుడనరు. నచ్చని చోట మంచి శ్రోత మౌనంగా ఉంటాడు. ఆ మౌనం షాయర్‌కు అర్థమవుతుంది. కవిత్వానికి ఇంత మర్యాద చేసేవాళ్లం, ఒక బీదవాడు తన గోడు చెప్పుకుంటే ఆ మిస్రా ఎందుకు అందుకోం?

ఎవరి మాటకైనా అడ్డు చెప్పదలిస్తే ముందు ఆ మాటను మనం తిరిగి చెప్పాలి. "మీరు అంటున్నది ఇదే గదా?" అని అడగాలి. ఆయన అవునన్న తర్వాతే మన జవాబు మొదలుపెట్టాలి. సగం తగాదాలు అక్కడే తీరిపోతాయి. ఎందుకంటే సగం సందర్భాల్లో మనం జవాబు చెబుతున్నది ఎదుటివాడు అనని మాటకు.

ఇంకొక సంగతి. మన ఉర్దూలో రెండు మాటలున్నాయి. ఒకటి ఇఖ్తిలాఫ్, రెండోది ముఖాలిఫత్. రెండింటికీ ధాతువు ఒకటే. ఖె, లామ్, ఫె. కాని వాడుకలో భేదం ఉంది. ఇఖ్తిలాఫ్ అంటే అభిప్రాయ భేదం. ముఖాలిఫత్ అంటే మనిషికి ఎదురు నిలవడం. మొదటిది విద్యకు లక్షణం. రెండోది చాలాసార్లు అహంకారానికి లక్షణం. మనం మొదటిదానితో బయలుదేరి, నాలుగు మాటలయ్యేసరికి రెండోదానిలో పడుతున్నాం.

అభిప్రాయ భేదం తప్పు కాదు. మనలో ఎక్కువ మంది అనుసరించే హనఫీ ఫిఖ్‌నే చూడండి. ఇమామ్ అబూ హనీఫా శిష్యులు ఇమామ్ అబూ యూసుఫ్, ఇమామ్ ముహమ్మద్ ఎన్నో మస్అలాల్లో గురువుగారితో ఏకీభవించలేదు. అందువల్ల వాళ్లు గురుద్రోహులు కాలేదు. వాళ్ల పేర్లు గ్రంథాల నుంచి కొట్టివేయలేదు. గురువు మాట ఇది, శిష్యుల మాట ఇది అని పక్కపక్కనే రాశారు. ఆ ఇద్దరినీ 'సాహిబైన్' అని గౌరవంగా పిలుస్తారు. మదరసాలో పిల్లవాడు ఈనాటికీ ఆ మూడు అభిప్రాయాలనూ కలిపే చదువుకుంటాడు. ఆ గ్రంథాల వారసులం, మన సంఘం తీర్మానాల పుస్తకంలో ఒక్క భిన్నాభిప్రాయం కూడా రాసుకోలేకపోతున్నాం!

మన దేశంలోని ఉదాహరణే ఒకటి చెబుతాను. 1866లో దేవబంద్‌లో మదరసా వెలసింది. దాని స్థాపకుల్లో ముఖ్యులు మౌలానా ఖాసిం నానౌత్వీ. 1875లో సర్ సయ్యద్ అహ్మద్ ఖాన్ అలీగఢ్‌లో పాఠశాల తెరిచారు. ఇద్దరి దారులు వేరు. సర్ సయ్యద్ తన పత్రిక 'తహజీబుల్ అఖ్‌లాఖ్' ద్వారా ప్రకటించిన భావాలు ఉలమాలో చాలామందికి నచ్చలేదు. ఆయన మీద కుఫ్ర్ ఫత్వాలు కూడా వచ్చాయి. మౌలానా నానౌత్వీకి కూడా సర్ సయ్యద్ మత విశ్వాసాల విషయంలో తీవ్రమైన అభ్యంతరాలున్నాయి. ఆ అభ్యంతరాలను ఆయన ఉత్తర రూపంలో రాశారు. 'తస్ఫియతుల్ అఖాయిద్' అనే పేరుతో అది పుస్తకంగా ఉన్నది. 1880లో మౌలానా కన్నుమూశారు. అప్పుడు సర్ సయ్యద్ తన అలీగఢ్ ఇన్‌స్టిట్యూట్ గెజిట్‌లో సంతాపం రాస్తూ, తనతో ఏకీభవించని ఆ మనిషి విద్యను, దైవభక్తిని, నిరాడంబరతను మనసారా కొనియాడారు. ఇద్దరిలో ఎవరూ తమ అభిప్రాయం మార్చుకోలేదు. ఎవరూ ఎదుటివారి గౌరవానికి లోటు రానివ్వలేదు. ఈనాడు మన మధ్య ఒక మినారు రంగు విషయంలో మాట తేడా వస్తే, ఒకరి ఇంటి పెళ్లికి ఒకరు వెళ్లడం మానేస్తున్నాం.

నిందకు ఎలా జవాబు చెప్పాలో మన తెలుగునాటే ఒక గొప్ప పాఠం ఉంది. నిజాం రాష్ట్రంలో తెలుగు కవులే లేరన్నట్టు ఒక పండితుడు రాశారు. ఎవరికైనా ఒళ్లు మండే మాటే. 'గోలకొండ పత్రిక' నడుపుతున్న సురవరం ప్రతాపరెడ్డిగారు ఆయన్ను తిడుతూ కూర్చోలేదు. ఊరూరి నుంచి కవుల వివరాలు, పద్యాలు సేకరించారు. 1934లో 354 మంది కవులతో 'గోలకొండ కవుల సంచిక' వెలువరించారు. అదీ జవాబంటే! ఆ నింద ఇప్పుడు ఆ సంచిక కథలో భాగంగానే గుర్తుంది. తిట్టుకు తిట్టు జవాబిచ్చి ఉంటే రెండు తిట్లూ మరునాటికే పాతబడేవి.

ఇక సభలో మౌనంగా ఉండి సభ బయట మాట్లాడేవారి గురించి. ఖురాన్ షరీఫ్‌లో 49వ సూరా అల్ హుజురాత్. పద్దెనిమిది ఆయతుల చిన్న సూరా. వచ్చిన వార్తను విచారించుకోకుండా నమ్మవద్దని, ఒకరినొకరు ఎగతాళి చేయవద్దని, చెడ్డ పేర్లు పెట్టి పిలవవద్దని, అనుమానాలు పెంచుకోవద్దని, చాటున నిందించవద్దని అందులోనే ఆదేశాలున్నాయి. గీబత్‌ను చచ్చిన సోదరుడి మాంసం తినడంతో పోల్చి హెచ్చరించింది కూడా అక్కడే. "నేను ఉన్నమాటే అన్నాను గదా" అని మనం తప్పించుకుంటాం. ఉన్నది చాటున చెబితే గీబత్, లేనిది కల్పిస్తే బొహతాన్ అని హదీసు మనకు రెండు దారులూ మూసేసింది. కోశాధికారి లెక్కలో అనుమానం ఉంటే ఇక్కడ, ఆయన ఎదుట, రసీదు చూపించమని అడగండి. అది మీ హక్కు. ఇక్కడ అడగక హోటల్లో అంటే ఆయన పరువూ పోతుంది, లెక్కా తేలదు.

కార్యవర్గంవారికి కూడా ఒక మనవి. ప్రశ్న అడిగినవాడిని శత్రువనుకోకండి. లెక్క అడగడం ఎతరాజ్. దొంగవని అనడం ఇల్జామ్. ఈ రెంటికీ చాలా దూరం ఉంది. ఎతరాజ్‌ను ఇల్జామ్‌గా తీసుకొని మీరు ఉడుక్కుంటే, వచ్చే ఏడు ఎవరూ అడగరు. అడిగేవాడు లేని సంఘంలో పని చేసేవాడు కూడా మిగలడు.

కేవలం ఉపన్యాసంతో ఊరుకోకుండా మూడు సూచనలు మీ ముందుంచుతున్నాను. మొదటిది, అడిగిన ప్రతి ప్రశ్నను కార్యదర్శిగారు పుస్తకంలో రాసి, తిరిగి చదివి వినిపించాలి. అడిగినవారు అవునన్నాకే జవాబు చెప్పాలి. అప్పుడే తేలని ప్రశ్న ఉంటే దాని జవాబు మరుసటి సభలో మొట్టమొదట చదవాలి. రెండోది, పరదా అవతల నుంచి చీటీల మీద ప్రశ్నలు తీసుకోవాలి. పేరు రాయవలసిన పని లేదు. మనం ఇచ్చే సాయం ఇంటికి చేరిందో లేదో ఆ ఇంటి ఇల్లాలికి తెలిసినంతగా మనకు తెలియదు. మూడోది, ముందు వెనుక వరుసలవారిని అడగనిచ్చి, ఆ తర్వాతే ముందు వరుసలవారు మాట్లాడాలి. ఏ భాషలో, ఏ యాసలో మాట్లాడినా దిద్దకూడదు. ఈ నియమం మొదట నాకు వర్తిస్తుంది. నేనెక్కడైనా తప్పితే మీరు నన్ను లేపి అందరి ముందూ చెప్పవచ్చు.

ఆ పళ్లబండి పెద్దాయన ఇప్పుడు లేరు. అల్లాహ్ ఆయనకు మగ్‌ఫిరత్ ప్రసాదించు గాక. ఆయన లాంటివారు ఈ సభలో వెనుక వరుసల్లో ఇప్పుడూ ఉన్నారు. వాళ్లు చెప్పవలసిన మాట నోటిదాకా వచ్చి ఆగి ఉంటుంది. జమాఖర్చులు చదివాక వాళ్లు లేచి నిలబడితే, దయచేసి ఎవరూ నవ్వకండి. ఆ మిస్రా అందుకోండి.

నేను చెప్పినదాంట్లో పొరపాటు ఉంటే ఇక్కడే, నా ఎదుటే చెప్పండి. వినడానికి సిద్ధంగా ఉన్నాను.

ఖుదా హాఫిజ్.