తెర మీద కొండ ఎవరిది?
(హుకుంపేటలో బొమ్మల సినిమా చూపాక చేసిన ప్రసంగం)



ఇప్పుడు మనం చూసింది డిస్నీ కంపెనీ 1995లో తీసిన ‘పోకహాంటస్’. అడవి, ఏరు, పాటలు పిల్లలకు నచ్చాయి, నచ్చనీండి. కానీ 1607లో తెల్లవాళ్ళు ఓడ దిగేనాటికి ఆ పిల్లకు పదకొండేళ్ళో, పన్నెండేళ్ళో. ప్రేమకథ సినిమావాళ్ళు అల్లిందే. 1613లో ఆమెను ఎత్తుకుపోయి బందీ చేశారు. భూములు తెల్లవాళ్ళ పాలయ్యాయి.

సినిమాలో బంగారం కోసం తవ్వించిన దొర ఒక్కడే చెడ్డోడు. వాణ్ణి కట్టేసి పంపిస్తే కథ కంచికి! మన కొండల్లో అంత తేలికా? అనంతగిరి మండలం నిమ్మలపాడులో గనుల లీజుల మీద 1997లో సుప్రీంకోర్టు సమత తీర్పు దాకా పోరాడాల్సి వచ్చింది.

ఇట్లాంటి సినిమాలను నిలదీస్తూ 2001లో ‘మిక్కీ మౌస్ మోనోపలీ’ అనే డాక్యుమెంటరీ వచ్చింది. వచ్చేసారి అదీ వేస్తాం, ఆపి ఆపి తెలుగులో చెబుతాం.

పిల్లల్ని సినిమా మాన్పించొద్దు. భూమి ఎవరిది, కథ చెప్పేదెవరు అని అడగడం నేర్పుదాం.