మేనత్త వ్యాధి మన బిడ్డకు తెలియవలెను
(స్త్రీల మైత్రి కూటములో చేసిన ప్రసంగ పాఠము)



రామచంద్రపురము మొదలు పటాన్‌చెరు, సంగారెడ్డి వరకు గల మన సంఘములలో ఇక్కడనే పుట్టి పెరిగిన కుటుంబములు కొద్ది. 1960ల దశకములో భెల్ కర్మాగారము వచ్చిన నాటినుండి, పని కొరకు పలు జిల్లాలనుండి వచ్చి స్థిరపడితిమి. సామాను తెచ్చుకొంటిమి, పాస్టరుగారి ఉత్తరము తెచ్చుకొంటిమి. అమ్మమ్మ ఏ వ్యాధితో, ఏ వయస్సున చనిపోయినదో ఆ సంగతి మాత్రము ఊరిలోనే విడిచితిమి. వైద్యుడు అడిగినయెడల "ఏదో గడ్డ లేచి పోయిందట" అందుము. ఆ గడ్డ రొమ్ములోనా, కడుపులోనా? అప్పుడామెకు నలువది ఏండ్లా, డెబ్బదియా? మనుమరాలికి ఏ పరీక్ష, ఎప్పుడు కావలెనో నిర్ణయించుటకు ఈ జవాబులు అవసరము.

2016లో కేంద్ర ప్రభుత్వ మార్గదర్శకములు 30 నుండి 65 ఏండ్ల స్త్రీలకు ఐదేండ్లకొకమారు రొమ్ము, గర్భాశయ ముఖద్వారము, నోరు పరీక్షించవలెనని చెప్పినవి. ఇది అందరికిని. తల్లికి గాని అక్కచెల్లెండ్రకు గాని రొమ్ము కేన్సరు వచ్చియుంటే, ఆ స్త్రీకి అపాయము ఇంచుమించు రెట్టింపు. తల్లికి 45వ ఏట బయటపడినచో, కుమార్తె 35వ ఏటనే, అనగా పదేండ్లు ముందుగానే, మామోగ్రామ్ గూర్చి వైద్యుని అడుగవలెను.

తండ్రి వైపును మరువరాదు. 1994, 1995 సంవత్సరములలో గుర్తించబడిన బి.ఆర్.సి.ఎ. అను రెండు జన్యువులలో లోపమున్నచో, అది తల్లినుండియే కాదు, తండ్రినుండియు బిడ్డకు రావచ్చును. ప్రతి బిడ్డకు సగము అవకాశము. కనుక మేనత్తకు అండాశయ కేన్సరు వచ్చినయెడల "ఆమె వేరే ఇంటి మనిషి" అనుకొని విడిచిపెట్టరాదు.

అయితే వంశములో వ్యాధి ఉన్నంత మాత్రమున అది వచ్చి తీరదు. లేనంత మాత్రమున నిర్భయముగా కూర్చుండరాదు. రొమ్ము కేన్సరు వచ్చిన స్త్రీలలో అధికుల ఇండ్లలో అంతకుముందు ఆ వ్యాధి లేదు. గర్భాశయ ముఖద్వార కేన్సరు ఇంచుమించు ఎల్లప్పుడు హెచ్.పి.వి. అను వైరస్ వలననే వచ్చును; వంశముతో నిమిత్తము లేకుండ అందరును ఆ పరీక్ష చేయించుకొనవలెను.

పెండ్లి సంబంధములు చెడునని పెద్దలు ఈ మాటలు దాచుదురు. వారి భయము నాకు తెలియును. కాని దాచుటవలన వ్యాధి ఆగదు. పరీక్ష మాత్రము ఆగును. చిన్న గడ్డగా ఉన్నప్పుడు కనుగొనవలసినది ముదిరిన తరువాత కనబడును.

కుటుంబ బైబిలు మొదటి పుటలలో జనన మరణ తేదీలు వ్రాసికొనుట మన పెద్దల అలవాటు. ఇకమీదట మరణ తేదీ ప్రక్కన వ్యాధి పేరు, అది బయటపడిన వయస్సు కూడ వ్రాయుడి. మధుమేహమును, గుండె జబ్బును సైతము వ్రాయుడి. పండుగకు ఊరికి వెళ్లినప్పుడు పెద్దమ్మను, మేనత్తను అడుగుడి. పురుషులారా, మీ తల్లి వైపు, మీ అక్కచెల్లెండ్ర సంగతులు చెప్పవలసినవారు మీరే. ఆ కాగితము ఆసుపత్రికి తీసికొనిపోయి వైద్యునికి చూపుడి. అది మీ కుమార్తెలకు మీరిచ్చు ఆస్తి.