వేళ్ళ క్రింద ఒకటే అక్షరము

(హల్దియాపదర్ తెలుగువారి ఉగాది సభలో చేసిన ప్రసంగము)



పంచాంగ శ్రవణమైనది. ఆదాయ వ్యయాలు, రాజపూజ్య అవమానాలు విన్నాము. భోజనాలకు ముందు నాలుగు మాటలు చెప్పవలసినదిగా కార్యవర్గము వారు మమ్మల్ని ఆదేశించారు. పండుగపూట కష్టాల ప్రసంగ మెందుకని కొందరనవచ్చును. పచ్చడిలో వేపపువ్వు లేనిదే మనకు ఉగాది కాదు. కనుక చెప్పక తప్పదు.

మనలో కొందరిని ఉద్యోగమో వ్యాపారమో ఇక్కడికి తెచ్చినది. మరికొందరి తాతలు ఎక్కడికీ కదలలేదు. మద్రాసు రాజధానిలో ఉండిన గంజాం సీమ 1936 ఏప్రిల్ 1న కొత్తగా ఏర్పడిన ఒరిస్సాలో చేరినది. బడి భాష, కచేరీ భాష మారినవి. మన వంటింటి భాష మారలేదు. ఒంట్లో సత్తువ ఉన్నవానికి ఇది చిన్న ఇబ్బంది. వికలాంగుడైన బిడ్డ ఉన్న ఇంట అదే పెద్ద అడ్డంకి.

మా వీధిలో ఒక ఇల్లాలు ఉన్నది. శ్రీకాకుళం వైపునుంచి కాపురానికి వచ్చినది. కొడుక్కు పుట్టుకనుంచి కాళ్ళు బిగుసుకొని నడక రాలేదు. ఒక ఆసుపత్రిలో పిల్లవాని చేత చేయించవలసిన కసరత్తు ఒడియాలో చెప్పారు. ఆమె అర్థము కాకున్నా తలయూపి వచ్చినది. మెల్లగా సాగదీసి కాసేపు పట్టుకోవలసిన కాలిని గట్టిగా లాగుతూ వచ్చినది. పిల్లవాడు ఏడ్చేవాడు. ప్రక్క వాటాలోని ఒడియా ఇల్లాలు ఆ ఏడుపు విని వచ్చి, చీటీ చదివి, మళ్ళీ ఆసుపత్రికి తోడు వెళ్ళి, తాను నేర్చుకొని వచ్చి ఈమెకు నేర్పినది. “ఇంత పెద్ద సంఘము ఉన్నదే మీకు, ఒక్కరూ వెంట రాలేదా?” అని ఆమె అడిగితే మేము తల వంచుకున్నాము. నిరుటి ఉగాదికి ఆ పిల్లవాడు సభకు రాలేదు. వేదిక మెట్లు ఎక్కించే దిక్కులేక ఇంట్లో ఉంచారు. ఆ మెట్లు కట్టించినది మేమే.

ఈ సంగతి తెలిసిన పెద్దలు కొందరు, తెలుగు వికలాంగులకు ప్రత్యేకముగా ఒక నిధి పెట్టుదామన్నారు. వారి మనసు మంచిది. కాని ఆ మార్గము మాకు సమ్మతము కాదు. కసరత్తు నేర్పే మనిషిని, బధిరులకు పాఠము చెప్పే ఉపాధ్యాయుని పదిళ్ళవారు పోషించలేరు. పేటంతా కలిస్తే నిలుపుకోగలరు. వైకల్యము ఇంటి భాష అడిగి రాదు. చట్టము కూడా అడుగదు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము 21 విధాల వైకల్యాలను గుర్తించినది. వైకల్యము 40 శాతానికి తగ్గని బిడ్డకు 6 నుంచి 18 ఏళ్ళ వరకు ఉచితముగా చదువుకొనే హక్కు ఇచ్చినది. ఆ ధ్రువపత్రము కోసము తెలుగు తల్లి, ఒడియా తల్లి ఒకే వరుసలో నిలబడుతున్నారు.

అంధుల లిపి సంగతి మనకొక పాఠము. స్వాతంత్ర్యము వచ్చేనాటికి మన దేశములో బ్రెయిలీ పదకొండు విధాలుగా ఉండేది. 1951 నాటికి అన్నిటికీ కలిపి భారతీ బ్రెయిలీ అనే ఒకే పద్ధతి కుదిరినది. ఆరు చుక్కలలో ఎడమ వరుసన పైదీ క్రిందిదీ లేచి ఉంటే తెలుగులో ‘క’, ఒడియాలోనూ ‘క’యే. కంటికి మన లిపి, వారి లిపి వేరు. అంబపువాలోని రెడ్‌క్రాస్ అంధ పాఠశాలలో కూర్చున్న బిడ్డ వేళ్ళకు మాత్రము అక్షరము ఒకటే.

దూరదేశపు మాట ఒకటి చెబుతాము. యూదుల హీబ్రూ, అరబ్బుల అరబ్బీ అచ్చులో కుడినుంచి ఎడమకు నడుస్తవి. బ్రెయిలీలో రెండూ ఎడమనుంచి కుడికి నడుస్తవి. లకారానికి, మకారానికి రెండింటిలోనూ అవే చుక్కలు. మన ‘ల’కు, ‘మ’కు కూడా అవే. ఆ రెండు జాతుల మధ్య పారిన రక్తము లోకమెరిగినదే. అయినా జెరూసలేములోని ఆలిన్ ఆసుపత్రిలో యూదుల బిడ్డలు, అరబ్బుల బిడ్డలు ఒకే కప్పు క్రింద చికిత్స పొందుతున్నారు. ఒక ఆసుపత్రి యుద్ధాన్ని ఆపలేదు, నిజమే. కాని అంత పగ నడుమ వారికి సాధ్యమైన పని, ఏ పగా లేని మనకు ఎందుకు సాధ్యము కాదు?

కనుక మా మనవి ఇది. ఉగాది తరువాత ఏప్రిల్ నడుమ మన ఒడియా సోదరుల పణా సంక్రాంతి వస్తుంది. ఈలోగా వారి పెద్దలతో కూర్చుందాము. వారమున కొక రోజు, ఒక తెలుగువారు, ఒక ఒడియావారు జంటగా ఆసుపత్రికి తోడు వెళ్ళేటట్లు వంతులు వేసుకుందాము. ధ్రువపత్రాల కాగితాలు నింపడము చదువుకున్న యువకులు తలకెత్తుకోవాలి. వచ్చే ఉగాదికి వేదిక మెట్ల ప్రక్కన వాలుగా బాట వేయించే ఖర్చు మేము భరిస్తాము. అది మా తప్పుకు దిద్దుబాటు.

‘మా’ అన్న అక్షరాన్ని బ్రెయిలీలో వ్రాస్తే ఒడియా బిడ్డ దానిని ‘అమ్మ’ అని గ్రహిస్తాడు. తెలుగు బిడ్డకు అది ‘మాది’ అనే మాట. మన భాషలో ‘మా’ అంటే ఎదుటివాడు వెలుపల నిలుస్తాడు. ‘మన’ అంటే లోపలికి వస్తాడు. ఇన్నాళ్ళు మా సంఘము అన్నాము. ఈ ఏటినుంచి మన పేట, మన పిల్లలు అందాము.

ఆ పిల్లవాడు ఈవేళ సభకు వచ్చాడు. ముందు వరుసలో, ప్రక్క వాటా అమ్మ ఒడిలో కూర్చున్నాడు. పచ్చడి మొదట వానికే పెట్టవలసినదిగా వడ్డనవారిని కోరుతూ, అందరికీ నూతన సంవత్సర శుభాకాంక్షలు తెలుపుకొని సెలవు తీసుకుంటున్నాము.