పిల్లల భయం: తల్లిదండ్రులకు ఫోనులో దొరికే సాయం

డాక్టరుగారు పిలిచేలోగా ఒక పావుగంట నా మాటలు వినండి. మీలో కొందరు పిల్లలకు కడుపునొప్పి అనో, తలనొప్పి అనో చూపించడానికి వచ్చి ఉంటారు. ఈ మాటలు ముఖ్యంగా మీకోసమే.

2023లో నేను పిల్లల వార్డులో ఉన్నప్పుడు ఒక తల్లి తొమ్మిదేళ్ళ కొడుకును రెండు నెలల్లో మూడుసార్లు తీసుకొచ్చింది. మూడుసార్లూ కడుపునొప్పే. రక్తపరీక్ష, మూత్రపరీక్ష, కడుపు స్కానింగు అన్నీ బాగానే ఉన్నాయి. మూడోసారి నేను విసుగుతో, "ఏమీ లేదమ్మా, బడి ఎగ్గొట్టడానికి వేషాలు. రెండు దెబ్బలు వెయ్యి, అదే పోతుంది" అన్నాను. బాబు మంచం మీద పడుకుని అంతా విన్నాడు, గోడవైపు తిరిగిపోయాడు. ఆ మాట నేను అనకూడనిది.

ఎందుకంటే ఆ నొప్పి వేషం కాదు. భయం వేసినప్పుడు ఒంట్లో అడ్రినలిన్ అనే హార్మోను ఎక్కువగా విడుదలవుతుంది. గుండె దడదడలాడుతుంది, చేతులు చెమర్చుతాయి, పేగుల కదలిక మారి కడుపు మెలిపెడుతుంది. స్కానింగులో కనబడనంత మాత్రాన నొప్పి లేదని కాదు. ఆ బాబు విషయంలో మేము అడగని ప్రశ్న ఒకటే: నొప్పి ఎప్పుడు వస్తోంది? బడి ఉన్న రోజు పొద్దున్నే వస్తోంది, ఆదివారం రావడం లేదు.

మన ఇళ్ళల్లో "పిల్లాడు జడిశాడు" అంటారు. దిష్టి తీస్తారు, తాయెత్తు కడతారు. అందుకు నేను ఎవరినీ తప్పుపట్టను, కనీసం అది భయమని పెద్దవాళ్ళు గుర్తుపట్టారు. నర్సునై ఉండి నేను అది కూడా గుర్తుపట్టలేదు.

ఇక అసలు చిక్కు చెబుతాను. బాబు ఏడవగానే తల్లి బడి మాన్పించేది. గంటలో నొప్పి తగ్గేది. చూసినవారికి ఇది మేలే అనిపిస్తుంది. కాని పిల్లవాడి మనసు నేర్చుకునేది వేరు: "బడి నిజంగానే ప్రమాదం, ఇంట్లో ఉన్నాను కాబట్టి బతికాను." మర్నాటికి భయం ఇంకొంచెం పెరుగుతుంది. మనం ప్రేమతో తప్పించిన ప్రతిసారీ భయానికి అన్నం పెట్టినట్టే. కొట్టి పంపినా లాభం లేదు, అప్పుడు రెండు భయాలవుతాయి.

కాబట్టి వైద్యంలో సగం పని తల్లిదండ్రుల చేతిలోనే ఉంది. ఇది నా సొంత అభిప్రాయం కాదు. ఇంగ్లండులో ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన కేథీ క్రెస్వెల్ బృందం, పిల్లల భయాన్ని ఎలా తగ్గించాలో తల్లిదండ్రులకే ఇంటర్నెట్ ద్వారా పాఠాలుగా నేర్పింది. మధ్యమధ్యలో థెరపిస్టు ఫోనులో మాట్లాడేవారు. 444 కుటుంబాలతో చేసిన ఈ పరిశీలన ఫలితాలు 2024లో వచ్చాయి. మామూలుగా అందించే చికిత్సకు ఇది తీసిపోలేదు, పైగా థెరపిస్టు వెచ్చించాల్సిన సమయం బాగా తగ్గింది. ఆ పాఠాలు అక్కడివారి కోసం తయారైనవి. అయినా దూరం నుంచి తల్లికి నేర్పితే బిడ్డకు నయమవుతుందన్న సంగతి మనకూ పనికొస్తుంది. మనలో ఎంతమందికి పిల్లల మానసిక వైద్యుడు దగ్గరలో ఉన్నాడు చెప్పండి!

మనకు ఉన్నది టెలీ మానస్. 2022 అక్టోబరు 10న కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టింది. నంబరు 14416. డబ్బు కట్టక్కరలేదు, రాత్రీ పగలూ పలుకుతుంది, తెలుగులో మాట్లాడవచ్చు. ముందుగా కౌన్సిలరు వింటారు, అవసరమైతే డాక్టరుకు అప్పగిస్తారు. పిచ్చి ఉన్నవాళ్ళకే అనుకోకండి. మీ బిడ్డ గురించి మీరే చేయవచ్చు. చేసేటప్పుడు మాత్రం బిడ్డ ఎదుట కూర్చుని "వీడు ఇలా, వీడు అలా" అని చెప్పకండి, పెరట్లోకి వెళ్ళి మాట్లాడండి.

ఆ తల్లి చేత నేనే చేయించాను. ఫోనులో విన్నదీ, తర్వాత జిల్లా ఆసుపత్రి డాక్టరు చెప్పిందీ కలిపి ఆమె ఇలా చేసింది. భయాన్ని మెట్లుగా విడదీసింది. మొదటి మెట్టు, సాయంత్రం బడి గేటు దాకా నడిచి రావడం. రెండోది, పొద్దున వెళ్ళి ఒక్క పీరియడ్ కూర్చోవడం. తర్వాత మధ్యాహ్న భోజనం దాకా. ఒక మెట్టు మీద కాలు కుదిరాకే ఇంకొకటి. "భయంగా ఉందా నాన్నా?" అని పదేపదే అడగడం మానేసింది, అలా అడిగితే లేని భయమూ గుర్తొస్తుంది. "కడుపులో నొప్పిగా ఉందని నాకు తెలుసు, అయినా నువ్వు వెళ్ళగలవు" అనేది. వచ్చాక మార్కుల ఊసెత్తకుండా, "ఇవాళ ఒక పీరియడ్ కూర్చున్నావు" అని మెచ్చుకునేది. మూడోవారంలో వాడు మళ్ళీ మొదటికొచ్చాడు. నాయనమ్మ "పసివాణ్ణి చంపుతావా" అని కోడలి మీద విరుచుకుపడింది. అప్పుడు మళ్ళీ 14416కి చేసి, స్పీకరు పెట్టి అత్తగారికి కూడా వినిపించింది. ఇంట్లో పెద్దవాళ్ళందరూ ఒకే మాట మీద లేకపోతే మెట్లు నిలవవు.

మెట్లు ఎక్కించే ముందు ఒక్కటి తేల్చుకోండి. బడిలోనో, దారిలోనో, ఇంట్లోనో ఎవరైనా కొడుతున్నారా, ఒంటి మీద చేయి వేస్తున్నారా? అలాగైతే బిడ్డ భయం న్యాయమైనదే. నెట్టకండి, 1098కి చేయండి. నొప్పి రాత్రి నిద్రలోంచి లేపుతున్నా, బరువు తగ్గుతున్నా, జ్వరం, వాంతులు, మలంలో రక్తం ఉన్నా అది భయమని సరిపెట్టుకోకుండా డాక్టరుకు చూపించండి. "చచ్చిపోతా" అన్న మాట పిల్లల నోట వస్తే ఆ రోజే తీసుకురండి, ఒంటరిగా వదలకండి.

ఫోనులో వీడియోలు చూసేవారికి ఒక మాట. ధైర్యం వస్తుందని పొడులు, చుక్కలు అమ్మేవాళ్ళ వీడియో అయితే అక్కడే ఆపండి. పెద్దవాళ్ళకు రాసిన నిద్రమాత్ర సగం విరిచి పిల్లలకు వేయడం నేను కళ్ళారా చూశాను, చాలా ప్రమాదం. బిడ్డ ఏడుస్తున్న వీడియో తీసి వాట్సాప్ గ్రూపులో సలహా అడగడం కూడా వద్దు, రేపు అది తరగతిలోని పిల్లలందరూ చూస్తారు.

ఆ బాబు ఇప్పుడు బడికి వెళ్తున్నాడు. పరీక్షల రోజుల్లో కడుపు పట్టేస్తుందట, అయినా వెళ్తున్నాడు. ఒకసారి తమ్ముడికి టీకా వేయించడానికి తల్లితో వచ్చినప్పుడు, ఆ రోజు అన్న మాటకు వాడికి క్షమాపణ చెప్పాను. వాడు తల దించుకుని, "ఫర్లేదు సిస్టర్" అన్నాడు. నంబరు చీటీ మీద రాసి కావలసినవారు నన్ను అడగండి, పిల్లల వార్డు బల్ల దగ్గరే ఉంటాను.