అడగడం అలవాటు చేసుకోండి



1982లో హైదరాబాదులో సార్వత్రిక విశ్వవిద్యాలయం మొదలైనప్పుడు దేశంలో అలాంటిది అదే మొదటిది. ఇంటర్ చదవనివాళ్లు కూడా అర్హత పరీక్ష రాసి డిగ్రీలో చేరే వీలు కల్పించింది. ఈరోజు ఈ హాల్లో పట్టాలు అందుకుంటున్న మీలో ఆ దారిన వచ్చినవాళ్లు ఎందరో ఉన్నారు. పగలు షాపులోనో పొలంలోనో పని, పిల్లలు పడుకున్నాక పుస్తకం, ఆదివారం స్టడీ సెంటర్. ఉన్న డబ్బుతో నెల నెట్టుకురావడం, చదువుకుంటానని ఇంట్లో అందరినీ ఒప్పించడం మీకు వచ్చు. జీవన నైపుణ్యాల పుస్తకాల్లో ఉండేవి ఇవే. వాటిని మీకు నేను నేర్పనక్కర్లేదు.

అయినా మీలో ఒక జంకు చూస్తుంటాను. "మాది ఓపెన్ డిగ్రీ అండీ" అని గొంతు తగ్గించి చెబుతారు. ఎందుకు తగ్గించాలి? బ్యాంకులో అప్పు కాగితాలు ముందు పెట్టి "ఇక్కడో సంతకం, ఇక్కడో సంతకం" అంటే, వెనక లైన్లోవాళ్లు విసుక్కుంటారేమోనని గబగబా పెట్టేస్తారు. ఆగండి. వడ్డీ ఎంత? వాయిదా తప్పితే ఏమవుతుంది? మనం అడగని ఇన్సూరెన్స్ ఇందులోకి ఎలా వచ్చింది? అడగండి, ఎంతసేపైనా పట్టనివ్వండి. మీ ఖాతాలో డబ్బు పడాలంటే యూపీఐ పిన్ కొట్టమని ఎవరైనా ఫోన్ చేస్తే కొట్టకండి. డబ్బు తీసుకోవడానికి పిన్ అక్కర్లేదు. ఒకవేళ మోసపోతే సిగ్గుపడి దాచుకోకుండా వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఆఫీసులో మీ దరఖాస్తు ఏమైందో చెప్పకపోతే 2005 నాటి సమాచార హక్కు చట్టం ఉంది. మామూలుగా 30 రోజుల్లో జవాబివ్వాలి.

ధైర్యం వచ్చాక అడుగుదాంలే అనుకుంటే ఎప్పటికీ అడగలేం. నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్లు రాత్రి బడిలో సారా మీద పాఠం చదివి, మన ఊళ్లో ఎందుకు అమ్ముతున్నారని నిలదీశారు. దుకాణం మూయించారు. అప్పటికి వాళ్ల చేతుల్లో పట్టాల్లేవు, అక్షరాలు కూడబలుక్కుంటున్నారు. ఆ ప్రశ్న ఊరూరా పాకింది. 1993 అక్టోబరు 1 నుంచి అప్పటి ఉమ్మడి రాష్ట్రమంతటా సారా నిషేధం అమల్లోకి వచ్చింది. నాకు తెలిసిన స్నాతకోత్సవాల్లో అంతకన్నా గొప్పది లేదు.

మిమ్మల్ని ఒకటి కోరుతున్నాను. మీ స్టడీ సెంటర్‌లో ఈ ఏడాదీ కొత్తవాళ్లు చేరతారు. అడ్మిషన్ ఫారం పట్టుకుని "కాస్త నింపిపెట్టమ్మా" అనే అక్క ఒకరు తప్పకుండా ఉంటారు. మీరు నింపకండి. పక్కన కూర్చుని ఆవిడ చేతే రాయించండి. తప్పు పోతే ఇంకో ఫారం తీసుకోవచ్చని చెప్పండి.