ఘాటీ దారిలో ఎర్ర జెండా
(ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠం)



పంచాంగ శ్రవణం ఇప్పుడే ముగిసినది. ఎవరి రాశికి ఎంత ఆదాయమో, ఎంత వ్యయమో అందరమూ విన్నాము. శిరాడి ఘాటీలో ఎవరు ఎంతసేపు నిలబడవలసి వచ్చునో మాత్రం సిద్ధాంతిగారు చెప్పలేదు. ఆ లోటు తీర్చమని కార్యదర్శిగారు నన్ను లేపినారు. పిల్లల పరీక్షలు కాగానే మనలో అనేకులు కుక్కే సుబ్రహ్మణ్యానికో, ధర్మస్థలకో, మంగళూరు సముద్రతీరానికో కార్లలో బయలుదేరుతారు. ఘాటీలో పనులు జోరుగా సాగే కాలమూ అదే. "మనం పోయేటప్పుడే తవ్వాలా?" అని విసుగుకొనేవారు ఈ సభలోనూ ఉన్నారు గనుక ముందు దానికే జవాబు చెబుతాను.

బెంగుళూరు నుండి హాసన్ మీదుగా సకలేశపురం వరకు దారి పీఠభూమి మీద సాగుతుంది. ఆ ఊరు సముద్రమట్టానికి 900 మీటర్లకు పైన ఉన్నది. మారనహళ్లి దాటిన తరువాత నేల దిగిపోతుంది. అక్కడినుండి గుండ్య వరకు సుమారు 26 కిలోమీటర్లు ఒక పక్క కొండ, ఒక పక్క లోయ. లోయలోని ఏరు పేరు కెంపుహొళె. కన్నడంలో కెంపు అంటే ఎరుపు, హొళె అంటే ఏరు. మనకు రత్నమైన మాట ఇక్కడ ఏటికి రంగైనది.

జూన్ నుండి సెప్టెంబరు వరకు ఆ కొండల మీద వాన ఆగదు. తారుకు నీరు పగ. పైగా మంగళూరు రేవు నుండి వచ్చే బరువు లారీలు, గ్యాసు ట్యాంకర్లు రాత్రింబగళ్లు ఆ దారినే నడుస్తాయి. ఎన్నిసార్లు అతుకులు వేసినా నిలువదని తెలిసి, కాంక్రీటు పోయ నిశ్చయించినారు. 2015లో ఒక భాగం, 2018లో రెండవ భాగం పూర్తిచేసినారు. పోసిన కాంక్రీటు బలాన్ని 28 రోజుల లెక్కన చూస్తారు. అంతవరకు తడి ఆరనీయక కాపాడవలెను గాని లారీని ఎక్కించరాదు. అందుకే 2018 జనవరి 20న దారి మూసి, జూలై 15న తెరిచినారు. ఆగస్టులో కుంభవృష్టి కురిసి, చరియలు విరిగిపడి, మళ్లీ మూతపడినది. దారిని నాలుగు వరుసలు చేసే పని వచ్చిన తరువాత కూడా, 2024 జూలైలో సకలేశపురం దగ్గర తవ్విన కొండ జారి రాకపోకలు నిలిచినవి. కొండను గోడవలె నిలువునా కోస్తే వాన ఊరుకొనదు. ఈ మాట చెప్పుటకు ఇంజనీరు కానక్కరలేదు, చెరువు కట్ట చూచిన రైతు చాలు.

అందుచేత మన్ను ఆరిన తరువాత, మళ్లీ తడవకముందు పని జరగవలెను. డిసెంబరు నుండి మే వరకు, అంతే. ఉగాది ఆ ఆరు నెలల నడుమ వస్తుంది.

ఇక నడిపే సంగతి. ఇరుకు చోట దిగే బండి ఎక్కే బండికి దారి ఇవ్వవలెనని నిబంధన ఉన్నది. లైసెన్సు ఉన్నవారందరూ చదివినదే, మరచినదే. ఏ గేరులో ఎక్కగలమో ఆ గేరులోనే దిగవలెనని పాత డ్రైవర్లు చెబుతారు. బ్రేకు మీదనే కాలు పెట్టి దిగితే బ్రేకులు కాలి పట్టు తప్పుతాయి. దుమ్మణచుటకు నీళ్లు చల్లిన ఎర్రమట్టి మీద చక్రం జారుతుంది. కొత్తగా కోసిన గట్టు కింద కారు ఆపి ఫొటోలు తీయకండి.

అన్నిటికంటె ముఖ్యమైనది జెండా. ఒకే వరుస మిగిలినచోట ఈ చివర ఒకడు, ఆ చివర ఒకడు నిలబడతారు. నడుమ వంపు ఉన్నది గనుక ఒకరికొకరు కనబడరు. ఫోను కూడా అన్నిచోట్లా పలకదు. కొన్నిచోట్ల ఆఖరి బండివాని చేతికి ఒక జెండానో కర్రనో ఇచ్చి పంపుతారు. అది అవతలివాని చేతికి చేరితేనే ఆ పక్క బండ్లు కదలవలెను. ఇంత సున్నితమైన ఏర్పాటులో ఒక పెద్దమనిషి తొందరపడి వరుస తప్పించి ముందుకు పోతే, రెండు బారులు ముఖాముఖి నిలుస్తాయి. వెనుకకు పోవుటకు ఎవరికీ చోటు ఉండదు. పది నిమిషాల ఆలస్యం రెండు గంటలవుతుంది. చదువుకొన్నవారే ఈ పని ఎక్కువ చేస్తారని నా అనుమానం.

2023లో ఉగాదికి నాలుగు రోజుల ముందు నేను ఆ దారిన పోతూ సకలేశపురం దాటిన తరువాత ఇట్లాగే ఆగినాను. జెండా పట్టుకొన్న మనిషి పక్కవానితో మాట్లాడుతున్నది తెలుగు!

"ఏ ఊరు నాయనా?" అన్నాను.

"పాలమూరు దిక్కు సారూ. మీరు మనోల్లేనా?"

"పండుగకు ఇంటికి పోవా?"

"యాడ పోతం సారూ. వానలు రాకముందే ఈ పని కావాలె. వానలు వడ్డంక పోతం, మా చేను దున్నుకునేతందుకు."

ఏ వాన ఇక్కడ రోడ్డు పని ఆపుతుందో, ఆ వానే అక్కడ అతనికి సొంత పని మొదలుపెడుతుంది. నడుమ పండుగకు చోటు లేదు.

మన సంఘాల చరిత్ర వ్రాసేటప్పుడు ఉద్యోగాలకు, వ్యాపారాలకు వచ్చినవారితో మొదలుపెడతాము. ఈ కన్నడ నేల మీద రాయి కొట్టి, మట్టి మోసినవారిలో తెలుగు మాట్లాడే వడ్డెరలు తరతరాలుగా ఉన్నారు; ఇక్కడ వారిని భోవి అంటారు. మన ఆహ్వాన పత్రిక వారికి ఎన్నడు పోయినదో కార్యదర్శిగారే చెప్పవలెను. నేను ఆయనను ఇబ్బంది పెట్టదలచలేదు, కాని వచ్చే యేటి జాబితా ఇంకా వ్రాయలేదు గదా!

ఈ వారం బయలుదేరేవారు తెల్లవారకముందే కదలండి, మంచినీళ్లు ఎక్కువ పెట్టుకొనండి. బొబ్బట్లు నాలుగు ఎక్కువగా పొట్లం కట్టించుకొనండి. జెండా దగ్గర కారు ఆగినప్పుడు అద్దం దించి, ఒకసారి తెలుగులో పలుకరించి చూడండి.

సెలవు.